కాలేయంలో గడ్డ అనుమానం: ఏ రకం సీటీ తీయించాలి, ఏ దశలో ఏది కనిపిస్తుంది?

లంకవాసి (పి.గన్నవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా బావగారికి హెపటైటిస్-బి ఉన్న సంగతి చాలా ఏళ్ళ క్రితం గల్ఫ్ వెళ్ళడానికి మెడికల్ చేయించుకున్నప్పుడు బయటపడింది. అప్పట్లో వీసా పోయిందన్న దిగులే తప్ప కాలేయం సంగతి ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు సిర్రోసిస్ (కాలేయం మచ్చలుకట్టి గట్టిపడటం) అని తేలాక ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ తీయిస్తున్నాం. ఈసారి కుడి భాగంలో రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ సైజులో ఒక గడ్డ ఉందన్నారు. వెంటనే దగ్గరి పట్టణంలో కాంట్రాస్ట్ (బొమ్మలో రక్తం తెల్లగా కనిపించేందుకు ఇచ్చే అయోడిన్ మందు) ఎక్కించి సీటీ తీస్తే, సిర్రోసిస్ మార్పులు ఉన్నాయి గానీ గడ్డ ఏదీ స్పష్టంగా లేదని రిపోర్టు వచ్చింది. చూస్తున్న డాక్టరు గారు దానితో తృప్తిపడక, మరోచోట ట్రిపుల్ ఫేజ్ సీటీ (ఆర్టీరియల్, పోర్టల్, డిలేడ్ అనే మూడు దశల్లో తీసేది) తీయించమన్నారు. అందులో అదే చోట 1.7 సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, అది ఆర్టీరియల్ దశలో తెల్లగా వెలిగి, డిలేడ్ దశలో వాషౌట్ అయిందనీ రాశారు.

మొదటి కేంద్రంలో ఉన్నది 128 స్లైసుల మిషను, రెండో చోట ఉన్నది 16 స్లైసులదే. పెద్ద మిషనుకు చిక్కనిది చిన్న మిషనుకు ఎలా చిక్కింది? మాది లంక గ్రామం కాబట్టి వరద రోజుల్లో పడవ దాటించి ఆయన్ను మాటిమాటికీ తిప్పడం కష్టం. అందుకని ఇకపై తీయించాల్సి వస్తే ఏ పద్ధతిలో తీయించాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

నిర్వాహకుడు

రిపోర్టుల ఫొటోలు జతచేసేటప్పుడు రోగి పేరు, ఐడీ నంబరు కనిపించకుండా చెరిపివేయండి. లంకవాసి గారు పై సందేశంతో పెట్టిన రెండో ఫొటోను ఆ కారణంగానే తొలగించాను.

రేడియాలజీ_కాకినాడ

లంకవాసి గారూ, రెండు రిపోర్టులూ వాటి వాటి బొమ్మల మేరకు సరైనవే అయి ఉండవచ్చు. కాంట్రాస్ట్ ఎక్కించిన తరువాత ఎన్నో సెకనులో బొమ్మ తీశారన్న దాని దగ్గరే తేడా అంతా ఉంది.

మామూలు కాలేయ కణజాలానికి వచ్చే రక్తంలో సుమారు 75 శాతం పోర్టల్ సిర ద్వారా, అంటే పేగుల నుంచి తిరిగి వచ్చే రక్తంగా అందుతుంది. మిగిలిన 25 శాతం హెపాటిక్ ధమని ద్వారా నేరుగా వస్తుంది. హెపటోసెల్యులర్ కార్సినోమా, అంటే మనం హెచ్‌సీసీ అని పిలిచే కాలేయ క్యాన్సర్, ఎదిగే కొద్దీ పోర్టల్ రక్తాన్ని వదులుకొని దాదాపు పూర్తిగా ధమని రక్తం మీదే బతుకుతుంది. మన డెల్టా మనిషికి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఒకే ఆయకట్టుకు రెండు కాలువలు ఉండి, ఒకదాని నీరు ముందు, రెండోదాని నీరు అరగంట తరువాత చేరుతున్నాయనుకోండి. మొదటి కాలువ మీదే ఆధారపడ్డ మడి ఏదో తెలియాలంటే రెండో కాలువ నీరు రాకముందే గట్టు మీద నిలబడి చూడాలి.

చేతి సిరలోకి కాంట్రాస్ట్ ఎక్కించడం మొదలుపెట్టాక సుమారు 35 నుంచి 40 సెకన్ల దగ్గర లేట్ ఆర్టీరియల్ దశ వస్తుంది. ఆ సమయంలో గడ్డ తెల్లగా వెలుగుతుంది, చుట్టూ ఉన్న కాలేయం ఇంకా బూడిదరంగులోనే ఉంటుంది. 60 నుంచి 80 సెకన్ల మధ్య వచ్చే పోర్టల్ దశలో కాలేయం మొత్తం నిండుతుంది కాబట్టి చిన్న గడ్డ చుట్టుపక్కలతో కలిసిపోయి మాయమైపోవచ్చు. మూడు నుంచి ఐదు నిమిషాల మధ్య తీసే డిలేడ్ దశలో గడ్డలోని కాంట్రాస్ట్ ముందుగా బయటికి పోయి అది చుట్టుపక్కల కన్నా నల్లగా కనిపిస్తుంది. దాన్నే వాషౌట్ అంటాం. కొన్నిసార్లు గడ్డ చుట్టూ సన్నని తెల్లటి అంచు కూడా ఆ దశలోనే తేలుతుంది.

మీ మొదటి సీటీ బహుశా కడుపునొప్పికి, అపెండిసైటిస్‌కు, చీము గడ్డకు తీసే సాధారణ ఉదర సీటీ అయి ఉంటుంది. దానిలో 70 సెకన్ల దగ్గర ఒకే ఒక్క దశ తీస్తారు. దాని పని అది బాగానే చేస్తుంది, కానీ సిర్రోసిస్ ఉన్న కాలేయంలో రెండు సెంటీమీటర్లలోపు హెచ్‌సీసీని పట్టడానికి అది తగిన పరీక్ష కాదు. డాక్టరు గారు రాసిచ్చిన చీటీలో "సీటీ ఉదరం, కాంట్రాస్ట్" అని మాత్రమే ఉంటే కేంద్రం వారు ఆ సాధారణ పద్ధతే అనుసరిస్తారు, వారిని తప్పుపట్టలేం. చీటీలో "సిర్రోసిస్, హెచ్‌సీసీ అనుమానం, ట్రిపుల్ ఫేజ్ లివర్" అని రాసి ఉండటం మిషను కొత్తదా పాతదా అన్న దానికన్నా ముఖ్యం.

స్కాన్‌గది_భీమవరం

కాకినాడ డాక్టరు గారు చెప్పిన సెకన్ల లెక్కను పాటించేది మేమే కాబట్టి, టెక్నీషియన్ వైపు నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను.

ఆర్టీరియల్ దశ దెబ్బతినడానికి నేను ఎక్కువగా చూసే కారణం చేతికి పెట్టిన క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నని గొట్టం. వార్డు నుంచి నీలిరంగు 22 గేజ్ క్యాన్యులాతో, అదీ అరచేతి వెనుక సన్నని నరానికి పెట్టి పంపిస్తారు. కాలేయానికి సెకనుకు నాలుగు మిల్లీలీటర్ల వేగంతో కాంట్రాస్ట్ నెట్టాలి. ఆ నరం ఆ వేగాన్ని తట్టుకోదు. మోచేతి మడత దగ్గర గులాబీరంగు 20 గేజ్ గానీ, ఇంకా మంచిదైతే ఆకుపచ్చ 18 గేజ్ గానీ ఉంటే ఆ వేగం ఇవ్వగలం. వేగం సగానికి తగ్గిస్తే కాంట్రాస్ట్ మొత్తం అంతే వెళ్ళినా ఒక్క కెరటంలా రాకుండా సాగిపోయి వస్తుంది, అప్పుడు గడ్డకూ కాలేయానికీ మధ్య తేడా చప్పబడిపోతుంది.

రెండోది, గడియారం చూసి 35 సెకన్లకు అందరికీ ఒకేలా తీసే పద్ధతి. గుండె బలహీనంగా ఉన్నవారికి కాంట్రాస్ట్ ఆలస్యంగా చేరుతుంది, కుర్రవాళ్ళకు తొందరగా చేరుతుంది. అందుకని బోలస్ ట్రాకింగ్ పెడతాం: మహాధమని మీద చిన్న వలయం గీసి, అక్కడి సాంద్రత 100 లేదా 150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలమానం) దాటిన క్షణం నుంచి మరో 15 నుంచి 20 సెకన్లు ఆగి స్కాన్ మొదలుపెడతాం. మా పాత మిషనులో కూడా ఈ సదుపాయం ఉంది. చాలా చోట్ల ఉండి కూడా, తొందరలో వాడరు.

ఊపిరి సంగతి కూడా ఉంది. కడుపులో నీరు చేరినవారు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టలేరు. ప్రతి దశలోనూ ఊపిరి ఒకే లోతులో ఆపకపోతే, ఆర్టీరియల్ దశలో కనిపించిన మచ్చ డిలేడ్ దశలో ఏ బొమ్మలో ఉందో వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే బల్ల మీద పడుకోబెట్టాక ముందే రెండు సార్లు అభ్యాసం చేయిస్తాను.

పాలకొల్లు_మాస్టారు

నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. స్లైసుల సంఖ్య గొట్టం ఒక్క చుట్టు తిరిగేటప్పుడు ఎంత వెడల్పును చుట్టేస్తుందో చెబుతుంది తప్ప కాంట్రాస్ట్ తేడాను పెంచదని నా అవగాహన. 16 స్లైసుల మిషను కాలేయాన్ని కొన్ని సెకన్లలో పూర్తిచేయగలదు కాబట్టి దశ తప్పిపోదు. అయితే ఇప్పుడు నగరాల్లో డ్యుయల్ ఎనర్జీ సీటీ అని ప్రచారం చేస్తున్నారు. అయోడిన్ కె-అంచు, అంటే ఎక్స్-రేలను అది ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకునే శక్తి, 33.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది గనుక తక్కువ శక్తి కిరణాలను అయోడిన్ ఎక్కువగా పీల్చుకుంటుందన్న సూత్రం నాకు తెలుసు. ఆ సూత్రం నిజంగా గడ్డను పట్టుకోవడంలో ఎంతవరకు అక్కరకొస్తుందో డాక్టరు గారు చెప్పాలి.

పీజీ_రాజమహేంద్రవరం

మాస్టారూ, చాలా అక్కరకొస్తుంది. డ్యుయల్ ఎనర్జీలో రెండు వేర్వేరు శక్తుల దగ్గర సమాచారం సేకరించి, 40 లేదా 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు సమానమైన బొమ్మను లెక్కకట్టి తయారుచేస్తాం. మామూలు 120 కిలోవోల్టుల బొమ్మలో గీత గీసినట్టు కనపడని చిన్న గడ్డ ఆ బొమ్మలో తెల్లగా తేలుతుంది. పైగా అయోడిన్ ఎక్కడెక్కడ ఉందో రంగుల్లో చూపే పటం వేరేగా వస్తుంది. నా అభిప్రాయంలో సిర్రోసిస్ రోగులందరికీ డ్యుయల్ ఎనర్జీయే తీయించాలి.

రేడియాలజీ_కాకినాడ

తమ్ముడూ, "అందరికీ" అన్నమాట దగ్గర నేను ఆగుతాను. నువ్వు చెప్పిన లాభం నిజమే. ఆర్టీరియల్ దశలో తక్కువ శక్తి బొమ్మ చిన్న గడ్డను బాగా ఎత్తి చూపుతుంది. సూదితో కాల్చిన గడ్డ అంచున మిగిలిపోయిన ముక్కను వెతకడంలో అయోడిన్ పటం నాకు కూడా మేలు చేసింది. కానీ అదే బొమ్మలో గరుకుదనం పెరుగుతుంది, ముఖ్యంగా లావుగా ఉన్నవారిలోనూ, కడుపులో నీరు ఉన్నవారిలోనూ. ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ వంటి లెక్కింపు పద్ధతులతో ఆ గరుకును కొంత తగ్గించగలం. ఇదే సూత్రాన్ని చౌకగా వాడుకునే దారి ఇంకొకటి ఉంది: సన్నగా ఉన్న రోగికి మామూలు మిషనులోనే 120కి బదులు 100 లేదా 80 కిలోవోల్టులతో తీయడం. మన ప్రాంతంలో సిర్రోసిస్‌తో వచ్చేవారిలో చాలామంది చిక్కిపోయి ఉంటారు కాబట్టి ఈ దారి తేలికగా పనిచేస్తుంది, ఎవరూ దాన్ని ప్రకటనల్లో వేయరు, అంతే.

ఇక ఫోటాన్ కౌంటింగ్ సీటీ. 2021లో అమెరికాలో ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతి పొందిన ఈ రకంలో ఒక్కొక్క ఫోటాన్‌నూ విడిగా లెక్కిస్తారు, శక్తుల వివరం ప్రతి స్కాన్‌లోనూ దానంతట అదే వస్తుంది. అది బాగుంటుంది. అయినా 25వ సెకనులో తీసిన బొమ్మను ఏ డిటెక్టరూ 38వ సెకను బొమ్మగా మార్చలేదు. దశ తప్పిన డ్యుయల్ ఎనర్జీ సీటీ కన్నా, దశ సరిగ్గా కుదిరిన 16 స్లైసుల ట్రిపుల్ ఫేజ్‌నే నేను కోరుకుంటాను.

దశ కుదిరిందో లేదో బొమ్మలోనే తెలిసిపోతుంది. మంచి లేట్ ఆర్టీరియల్ బొమ్మలో మహాధమని, హెపాటిక్ ధమని బాగా తెల్లగా ఉంటాయి, పోర్టల్ సిర కొద్దిగా వెలిగి ఉంటుంది, హెపాటిక్ సిరలు మాత్రం ఇంకా నల్లగానే ఉంటాయి. పోర్టల్ సిర అసలు వెలగకపోతే మరీ ముందుగా తీశారన్నమాట, అప్పుడు గడ్డ కూడా ఇంకా వెలిగి ఉండదు. హెపాటిక్ సిరలు కూడా తెల్లబడి ఉంటే ఆలస్యమైంది.

నరసాపురం_అక్క

డాక్టరు గారూ, ఇది చదివాక నాకు భయం పట్టుకుంది. మా వారికి పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఆ తరువాత ప్రతిసారీ కాలేయానికి పోర్టల్ దశ ఒక్కటే తీస్తున్నారు. మాకు కూడా ట్రిపుల్ ఫేజ్ అడగాలా?

రేడియాలజీ_కాకినాడ

అవసరం లేదమ్మా. పెద్దపేగు నుంచి కాలేయానికి పాకే గడ్డలకు సాధారణంగా రక్తప్రసరణ తక్కువ. చుట్టూ కాలేయం పూర్తిగా వెలిగిన పోర్టల్ దశలోనే అవి నల్లని మచ్చలుగా బాగా కనిపిస్తాయి. మీ వారికి చేస్తున్నది సరైన పద్ధతే. మూత్రపిండం, థైరాయిడ్, న్యూరోఎండోక్రైన్ గడ్డల నుంచి పాకినవాటికైతే ఆర్టీరియల్ దశ కూడా తీస్తాం. ఏ జబ్బు కోసం వెతుకుతున్నామన్నది తేలాకే దశలు నిర్ణయించాలి.

తణుకు_రైతు

నాకు తెలిసిన ఒకరు ఇన్ని సీటీలు ఎందుకు, ఒక్కసారే పెట్ సీటీ తీయిస్తే తల నుంచి కాలి దాకా అంతా తేలిపోతుందని చెప్పి, అప్పుచేసి మరీ తీయించారు. గడ్డ ఉన్నట్టు అందులో రాలేదు. తరువాత అది క్యాన్సరే అని తేలింది. అంత ఖరీదైన పరీక్షలో ఎందుకు రాలేదండీ?

పీజీ_రాజమహేంద్రవరం

పెట్ సీటీలో వాడే ఎఫ్‌డీజీ అనేది చక్కెరను పోలిన పదార్థం. చాలా క్యాన్సర్ కణాలు దాన్ని పీల్చుకొని లోపలే బంధించుకుంటాయి, అందుకే వెలుగుతాయి. మొదటి దశ హెచ్‌సీసీ కణాలకు మామూలు కాలేయ కణాల గుణం ఇంకా మిగిలి ఉండి, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము సాయంతో దాన్ని తిరిగి బయటికి వదిలేస్తాయి. చుట్టూ ఉన్న కాలేయం కూడా కొంత వెలుగుతూ ఉంటుంది కాబట్టి గడ్డ విడిగా కనపడదు. కాలేయం దాటి ఎముకలకు గానీ మరో చోటికి గానీ పాకిందా అని చూడటానికి దాన్ని కొందరిలో వాడతారు, మొదటి గడ్డను పట్టడానికి మాత్రం అది నమ్మదగిన పరీక్ష కాదు.

పాలకొల్లు_మాస్టారు

పాత వైద్య పత్రికల్లో కాథెటర్ ద్వారా కాంట్రాస్ట్ పంపి తీసే సీటీ గురించి చదివాను. అది అన్నిటికన్నా సున్నితమైనదని అప్పట్లో రాసేవారు. ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదేం?

రేడియాలజీ_కాకినాడ

మంచి జ్ఞాపకం మాస్టారూ. అందులో రెండు రకాలున్నాయి. పేగులకు వెళ్ళే సుపీరియర్ మెసెంటరిక్ ధమనిలో కాథెటర్ పెట్టి కాంట్రాస్ట్ పంపితే, అది పేగుల గుండా పోర్టల్ సిరలోకి తిరిగి వచ్చి కాలేయాన్ని నింపుతుంది. పోర్టల్ రక్తం అందని గడ్డ నల్లని రంధ్రంలా మిగులుతుంది. హెపాటిక్ ధమనిలోనే కాథెటర్ పెడితే గడ్డ నేరుగా తెల్లగా వెలుగుతుంది. జపాన్‌లో వీటిని ఎక్కువగా వాడారు. చాలా చిన్న గడ్డలు కూడా దొరికేవి, కానీ రక్తప్రసరణ వంకర వల్ల మాత్రమే కనిపించే దొంగ మచ్చలు కూడా దొరికేవి. తొడ దగ్గర ధమనిని గుచ్చి చేయాల్సిన పరీక్షను కేవలం నిర్ధారణ కోసం చేయడం, మంచి ఎంఆర్ఐ వచ్చాక అనవసరమైపోయింది. గడ్డకు రక్తనాళం మూసే చికిత్స, అంటే టేస్, చేసేటప్పుడు యాంజియోగ్రఫీ (రక్తనాళాల ఎక్స్-రే) బల్ల మీదే ఆ మిషనును రోగి చుట్టూ తిప్పి కోన్ బీమ్ సీటీ తీయడం దాని వారసత్వమే.

పెర్ఫ్యూజన్ సీటీ కూడా అలాంటిదే. ఒకే చోటును పదేపదే తీసి ధమని రక్తం ఎంత, పోర్టల్ రక్తం ఎంత అని అంకెల్లో లెక్కిస్తారు. చికిత్స పనిచేస్తోందా అని పరిశోధనల్లో చూడటానికి బాగుంటుంది. ఊపిరి కదలిక, రేడియేషన్ రెండూ దానికి అడ్డు. రోజువారీ వైద్యంలో నేను దాన్ని అడగను.

లంకవాసి (పి.గన్నవరం)

అందరికీ కృతజ్ఞతలు. రెండో రిపోర్టు చివర "లైరాడ్స్ 5" అని రాసి ఉంది. డాక్టరు గారు ముక్క తీసి పరీక్షించనక్కరలేదు అంటున్నారు. ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ అని ఎలా తేలుస్తారని మా అక్క అడుగుతోంది. ఎంఆర్ఐ కూడా తీయిస్తే మంచిదా?

రేడియాలజీ_కాకినాడ

మీ అక్కగారి అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే మిగతా క్యాన్సర్లలో దాదాపు అన్నిటికీ ముక్క పరీక్ష కావాలి. హెచ్‌సీసీ దీనికి మినహాయింపు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2011లో మొదలుపెట్టి, 2018లో సవరించిన లైరాడ్స్ పద్ధతిలో గడ్డ సైజు, ఆర్టీరియల్ దశలో వెలగడం, వాషౌట్, చుట్టూ అంచు, పెరిగే వేగం, వీటిని చూసి 1 నుంచి 5 వరకు వర్గం ఇస్తారు, 5 అంటే హెచ్‌సీసీ అని తేలినట్టే. 10 నుంచి 19 మిల్లీమీటర్ల గడ్డ అంచు మాత్రమే కాకుండా లోపలంతా వెలిగి, ఆ తరువాత వాషౌట్ కూడా చూపితే అది 5. అదే సైజులో వాషౌట్ లేకుండా చుట్టూ అంచు ఒక్కటే ఉంటే 4 అవుతుంది. మొదటి సీటీలో ఆర్టీరియల్ దశే లేదు కాబట్టి ఈ వర్గీకరణ దానికి చేయడం కుదరదు.

దీనికో షరతు ఉంది. పెద్దవారిలో సిర్రోసిస్ గానీ దీర్ఘకాలిక హెపటైటిస్-బి గానీ, ఇదివరకు హెచ్‌సీసీ వచ్చిన చరిత్ర గానీ ఉంటేనే ఈ లెక్క చెల్లుతుంది. మీ బావగారికి మొదటి రెండూ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో ఇవే లక్షణాలు కనిపిస్తే ఇతర గడ్డలు కూడా అయి ఉండవచ్చు, అక్కడ ముక్క పరీక్ష లేకుండా తేల్చరు. అన్నట్టు, మీ అక్కగారికీ పిల్లలకూ హెపటైటిస్-బి పరీక్ష చేయించారా? లేకపోతే చేయించి, లేనివారికి టీకా వేయించండి.

ఎంఆర్ఐ విషయంలో నా అభిప్రాయం ఇది. రెండు సెంటీమీటర్లలోపు గడ్డలను, అందులోనూ ఇంకా ధమని రక్తం పెరగని తొలి గడ్డలను పట్టడంలో ఎంఆర్ఐది సీటీ కన్నా పైచేయి. కాలేయ కణాలు పీల్చుకునే గాడోక్సెటేట్ అనే కాంట్రాస్ట్ వాడితే ఇంకా నయం. ఆపరేషన్ లేదా కాలేయ మార్పిడి ఆలోచనలో ఉంటే, కాలేయంలో ఇంకెక్కడైనా రెండో గడ్డ దాగి ఉందేమో చూడటానికి తీయించడం మంచిది. కానీ ఎంఆర్ఐలో ఒక్కొక్క దశకు ఊపిరి 15, 20 సెకన్లు బిగబట్టాలి. కడుపులో నీరు ఉండి ఆయాసపడే మనిషికి తీస్తే బొమ్మలన్నీ చెదిరిపోతాయి, అప్పుడు మంచి సీటీయే మేలు.

యానాం_మిత్రుడు

ఇన్ని దశలు తీస్తే రేడియేషన్ మాటేమిటి? ఒక దశకు ఎంత, మూడింటికి ఎంత అన్నది ఎవరూ చెప్పడం లేదు.

స్కాన్‌గది_భీమవరం

అడగాల్సిన ప్రశ్నేనండి. ఉదరానికి ఒక దశ తీస్తే మిషనునూ, మనిషి ఒడ్డూపొడుగునూ బట్టి ఇంచుమించు 7 నుంచి 10 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ పడుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సోకే ప్రపంచ సగటు 2.4. మూడు దశలంటే మూడింతలు. అందుకే సిర్రోసిస్ ఉన్నవారికి ఆరు నెలలకొకసారి చేసే కాపలా పరీక్షకు అల్ట్రాసౌండ్, రక్తంలో ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌లో పెరిగే అవకాశమున్న ప్రోటీను) చూస్తారు తప్ప సీటీ చేయరు. అల్ట్రాసౌండ్‌లో అనుమానం వచ్చాక మాత్రం మూడింటిలో ఒకదాన్ని తగ్గిస్తే పరీక్షకే అర్థం పోతుంది. మేము కావాలంటే తగ్గించేది కాంట్రాస్ట్‌కు ముందు తీసే ఖాళీ దశను. ఇంతవరకు చికిత్స జరగని కాలేయంలో అది లేకపోయినా పెద్ద నష్టం లేదు.

రేడియాలజీ_కాకినాడ

టేస్ అయినవారికి మాత్రం ఆ ఖాళీ దశ తీయకుండా వదలకండి. టేస్‌లో వాడే లిపియోడాల్ గసగసాల నూనెలో అయోడిన్ కలిపినది, కాబట్టి కాంట్రాస్ట్ లేకుండానే తెల్లగా ఉంటుంది. ముందు బొమ్మ లేకపోతే ఆ తెలుపు పాత మందా, బతికి ఉన్న గడ్డా అన్నది తేలదు. డ్యుయల్ ఎనర్జీ మిషను లెక్కకట్టి ఇచ్చే ఖాళీ బొమ్మ కూడా ఇక్కడ మోసం చేయగలదు, అది లిపియోడాల్‌లోని అయోడిన్‌ను కూడా తీసివేసి చూపిస్తుంది.

తణుకు_రైతు

ఫిల్ములు చూపిస్తే పెద్ద ఆసుపత్రిలో సీడీ కావాలంటున్నారు. సీడీలో అదనంగా ఏముంటుందండీ? కిడ్నీ సరిగా లేనివారికి ఈ కాంట్రాస్ట్ ఇవ్వవచ్చా?

స్కాన్‌గది_భీమవరం

క్రియాటినిన్ పరీక్ష చేయించి ఆ కాగితం తెచ్చుకోండి. దాని నుంచి లెక్కకట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత సామర్థ్యం) 30 కన్నా తక్కువ ఉంటే, తీయాలా వద్దా అన్నది డాక్టరు గారే తేలుస్తారు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నవారు ముందే చెప్పాలి.

ఫిల్ము మీద ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే ఉంటాయి. సీడీలో అన్ని దశల సన్నని ముక్కలూ ఉంటాయి, ఒక్కొక్క వరుస ఏ గంట, ఏ నిమిషం, ఏ సెకనుకు తీశారన్నది కూడా నమోదై ఉంటుంది. ఆర్టీరియల్ వరుసకూ పోర్టల్ వరుసకూ మధ్య సుమారు అరనిమిషం, అక్కడి నుంచి డిలేడ్ వరుసకు రెండు నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ తేడా కనిపించాలి. రిపోర్టులో ట్రిపుల్ ఫేజ్ అని ఉండి, సీడీలో రెండే వరుసలు కనిపిస్తే, బయలుదేరకముందే కౌంటరు దగ్గర అడిగి మూడోది కూడా కాపీ చేయించుకోండి.